బుచ్చమ్మవ్వ తడిపేలికలు

మొన్న మా మనుమడు మేడమీద కొత్తగా వేసుకున్న రేకుల గదిలోకి అడుగుపెట్టానో లేదో, మాడు చుర్రుమంది. వేడి ఆపడానికి ఏటవాలు రేకుల కింద దూదిపరుపులాంటిదేదో బిగించారట గానీ, ఒక మూల మరిచిపోయినట్టున్నారు. అక్కడ నిలబడ్డ క్షణాన మోత్కూరు బుచ్చమ్మవ్వ గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను కొత్త కోడలిని. మా మామ పోయాక రెండేళ్ళు ఖాళీగా ఉన్న మగ్గం నా చేతికొచ్చింది. పుట్టింట్లో బాపు దగ్గర నేర్చిన పని, కాస్త గర్వం కూడా ఉండేది. పొద్దున్నంతా బాగానే సాగేది. మధ్యాహ్నమైతే చాలు, ఎడమవైపు పడుగు పోగులు పుటుక్కు పుటుక్కున తెగేవి. "నీది మోటు చెయ్యి. ఈ చీర గూడ గిట్లనే అయితే మగ్గం ఇప్పేస్త. నూలు కండెలు సుట్టుకుంట కూసో," అంది అత్త. మగ్గం పోతే నాకింకేముంది? ఏడుపాగలేదు.

పక్కింటి బుచ్చమ్మవ్వది సేద్యం చేసే ఇల్లు. మగ్గం ముట్టిన పాపాన పోలేదు. ఏది చూసినా ఎందుకని అడగకుండా మాత్రం ఉండలేదు. నన్ను ఓదార్చనైనా లేదు, మహాతల్లి! "పొద్దుగాల తెగది, కుడిదిక్కు తెగది. నీ చెయ్యి పగటీలి ఎడమదిక్కే పాడైతదా పిల్లా?" అంది. పాతచీర చింపి, ఒకే కొలత పేలికలు తడిపి, మగ్గం మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఆరేసింది. కాసేపటికి ఎడమ చివరిది ఎండి కరకరలాడింది. మిగతావి ఇంకా తడిగానే ఉన్నాయి.

ఆ చివర పైకప్పు చూడాలని, వద్దంటున్నా నిచ్చెనెక్కింది. పెంకుల కింద పరిచే జొన్నసొప్ప అక్కడ చాపంత మేర లేదు. ఎండవేడి నేరుగా దిగి పోగుల్ని పెళుసు చేస్తోంది.

"ఎలుకల పని గాదిది. చేత్తోని గుంజిన్రు. ఎవరు?"

అత్త ముఖం పాలిపోయింది. "నేనే అక్కా. కరువుల బర్రె సచ్చిపోతదని గుంజి ఏసిన. మల్ల పరుద్దమనుకున్న, మరిసిన."

"బర్రె బతికిందా?"

"బతికింది."

"గట్లయితే మంచిదే," అంటూ దిగింది అవ్వ.

మర్నాడు తన చేనులోని సొప్పకట్ట తెచ్చింది. అత్త కింద నుంచి అందిస్తే అవ్వ పరిచింది. ఆ మధ్యాహ్నం అత్త నా పక్కనే కూర్చుంది. ఒక్క పోగూ తెగలేదు. అత్త నా చెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకుంది.

ఇప్పటికీ ఎవరి చేతిలో ఏది పాడైనా ఎప్పుడు, ఎక్కడ అనే అడుగుతాను. ఎవరు అని అడగబోతే మాత్రం ఆనాటి అత్త ముఖం కళ్ళముందు మెదులుతుంది. ఆ మాట వదిలేస్తాను.