ఓనరమ్మ గడ్డి గులాబీలకు నేను పోసిన నీళ్ళు

మా చిన్నప్పుడు... మిర్యాలగూడలో మేం కిరాయికి దిగిన ఇంటి గోడ పక్కన, ఇటుకల మీద ఆరు పూల తొట్లు ఉండేవి. నేలబారుగా పాకే మొక్క... సన్నటి ఆకులు, గిల్లితే నీరు కారేంత కండ. గడ్డి గులాబీ అంటారు. ఎనభైల్లో మాట ఇది. అప్పుడు నేను నాలుగో తరగతి.

గరిడేపల్లిలో కౌలు పొలం వదిలేసి, రైస్‌మిల్లులో పని దొరికిందని అమ్మా నాన్నా మమ్మల్ని వెంటేసుకుని వచ్చారు. ముగ్గురు పిల్లలని తెలియగానే నాలుగు ఇళ్ళవాళ్ళు లేదు పొమ్మన్నారు. ఐదో ఇంటి ఓనరమ్మ ఒప్పుకుంది... ఒప్పుకుంటూనే అమ్మతో అంది, "పిల్లలు నా చెట్లను ఖరాబు చేసిన్రంటే ఆ నెలే ఖాళీ చెయ్యాలె. ముందే చెప్తున్న."

మేం సామాన్లు దించిన ఆదివారం సాయంత్రమే ఆమె సూర్యాపేటకు, చెల్లెలి కూతురి పెళ్ళికి బయల్దేరింది. మళ్ళీ ఆదివారం దాకా రాదు. పోతూ పోతూ నన్ను పిలిచింది. "రోజూ జర నీళ్ళు పొయ్యి బిడ్డా. ఎండిపోయినయా... నేను ఊకోను." అంతమందిలో నేనే ఎందుకు దొరికానో!

సోమవారం పొద్దున్నే లేచి చూస్తే ఒక్క పువ్వు కూడా విచ్చుకుని లేదు. బడికి పోయి సాయంత్రం వచ్చి చూశాను... అలాగే ముడుచుకుని ఉన్నాయి. అప్పజెప్పిన మొదటి రోజే చంపేశానా? గబగబా చెంబుతో నీళ్ళు పోశాను. పోసినవి పోసినట్టే తొట్టి అడుగు చిల్లులోంచి ఇటుకల మీదికి కారిపోయాయి.

మేం వరి పండించినవాళ్ళం. మడిలో నీళ్ళు నిలవకపోతే ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒడ్డుకు గండి పడితే నాన్న బంకమన్ను ముద్ద పెట్టి కాలితో తొక్కేవాడు. నేనూ అదే చేశాను... బోరింగు దగ్గరి బురద తెచ్చి, ఆరు తొట్ల చిల్లులూ బొటనవేలితో అదిమి అదిమి పూడ్చేశాను. ఈసారి నీళ్ళు నిలిచాయి. హమ్మయ్య అనుకున్నాను.

పూలు మాత్రం విచ్చలేదు. నేను బడికి పోయే ముందూ ముడుచుకునే ఉండేవి, వచ్చాకా ముడుచుకునే ఉండేవి. అమ్మా నాన్నా చీకటితోనే మిల్లుకు పోయి పొద్దు మునిగాక వచ్చేవాళ్ళు. వాళ్ళకు చెప్పడానికి నోరు రాలేదు... చెప్తే అమ్మ భయపడుతుంది, అమ్మ భయపడితే నాకు ఇంకా భయం. అందుకని ఇంకో చెంబు పోసేదాన్ని.

గురువారానికి కాడలు నీరు పట్టి మెత్తబడ్డాయి. శుక్రవారం ముట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చాయి... కుళ్ళిన ఉల్లిగడ్డ వాసన. బడిలో ఎక్కాలు చెప్పమంటే ఏడుపొచ్చింది. గేటు చప్పుడైతే చాలు, తలుపు వెనక దాక్కునేదాన్ని. గరిడేపల్లి బస్సెక్కి పారిపోదామా అని కూడా అనుకున్నాను.

ఆదివారం రానే వచ్చింది. పది కావస్తుంటే తొట్ల ముందు కూర్చున్నాను. చివరి తొట్టికి నేను పెట్టిన మట్టి ఎప్పుడో ఊడి పడిపోయింది, నేను చూసుకోలేదు. ఆ తొట్టిలో మొగ్గ నా కళ్ళ ముందే మెల్లగా విచ్చుకుంది... దాని పక్కన ఇంకోటి... చూస్తుండగానే తొట్టి నిండా ఎరుపు, పసుపు.

ఎండెక్కితే పూస్తుంది, మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటుంది. దానికి పదిగంటల పువ్వు అనే ఇంకో పేరుందని నాకెవరు చెప్పారు? అవి చావనే లేదు. బడికి పోయొచ్చే నాకు కనపడలేదంతే. మిగతా ఐదింటినీ చంపింది నేనే.

అప్పుడే గేటు ముందు రిక్షా ఆగింది. నేను ఒక్క ఉరుకున నీళ్ళ గోలెం వెనక దాక్కున్నాను.

ఓనరమ్మ చేతిలో సంచి కూడా దించకుండా తొట్ల దగ్గరికి వచ్చింది. ఒకదాన్ని వంచి అడుగు చూసింది. "ఎవరి పని ఇది?"

బట్టలుతుకుతున్న అమ్మ సబ్బు చేతులతోనే వచ్చింది. తొట్టి చూసింది, మట్టి చూసింది. "నేనేనమ్మా... తెల్వక చేసిన" అని దండం పెట్టింది. మా అమ్మ అబద్ధమాడగా వినడం నాకు అదే మొదలు.

ఓనరమ్మ ఆ ఎండిన మట్టి మీది వేలిముద్రలు చూసింది. "నీ వేళ్ళు గింత చిన్నగున్నయా?"

అమ్మ సబ్బు చేతులు కొంగులో దాచుకుంది. చెప్పడానికి సిగ్గే గానీ... గోలెం వెనక నా లంగా తడిసిపోయింది.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పుల్లతో చిల్లులు పొడిచి, కుళ్ళిన మట్టి పారబోసి, ఇసుక కలిపిన మట్టి నింపింది. బతికిన తొట్టిలోంచి కొసలు తుంచి ఐదింట్లోనూ గుచ్చింది. "ఇవి పూస్తే ఉండుండ్రి. పుయ్యకపోతే వేరే ఇల్లు సూస్కోండ్రి. ఇగ నీళ్ళు నేనే పోస్త" అని లోపలికి పోయింది.

ఆ రోజే అమ్మ గిన్నెలన్నీ మళ్ళీ గోనెసంచిలో కట్టేసింది. వండుకోవడానికి రెండు మాత్రం బయట ఉంచింది. నాన్న ఆ సంచిని గోడ వారకు జరిపాడు. నేనైతే ఆ గోడ వైపు తల తిప్పకుండా బడికి నడిచేదాన్ని... నేను చూస్తే చస్తాయేమోనని!

మూడు వారాలు దాటాయి. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లోనే ఉంది. కరెంటు పోయి మిల్లు ఆగిందట, పొద్దున్నే పంపించేశారట. ఆగలేక తొట్ల వైపు చూశాను... పూలు ముడుచుకునే ఉన్నాయి. నా మొహం చూసి, "పూసినయ్ బిడ్డా... ఐదింట్ల పూసినయ్, నేను సూసిన" అంది అమ్మ. గోనెసంచి విప్పి గిన్నెలు ఒక్కొక్కటే గూట్లో పెడుతోంది... పెడుతూనే ఏడుస్తోంది.

ఆ ఇంట్లో నాలుగేళ్ళున్నాం. ఇప్పుడు సొంతిల్లు. మేడ మీద అన్ని రంగుల గడ్డి గులాబీలూ ఉన్నాయి, ఏది చచ్చినా అడిగేవాళ్ళు లేరు. మా పిల్లలకు గేటు చప్పుడైతే కొరియర్ వచ్చిందని సంబరం. ఆ చప్పుడుకు దాక్కున్న రోజులుండేవంటే నమ్మరు.

మొన్న అమ్మనడిగాను... అంత భయంలో 'నేనే' అని ఎట్లా అనగలిగినవే అమ్మా అని. "ఏమో బిడ్డా, నాకు యాది లేదు" అంది. నాకైతే నమ్మబుద్ధి కాలేదు.

కిరాయి ఇళ్ళల్లో పెరిగినవాళ్ళు చెప్పండి... మీరు చేసిన ఏ తప్పు మీ అమ్మ తన మీద వేసుకుంది?