మూడు నీళ్ళు కడిగిన పొడి

బుధవారం సాయంత్రం మా అమ్మాయి వంటింటి బల్ల మీద రెండు సీసాలు పెట్టింది. ఒకదాంట్లో ఊదా రంగు నీళ్ళు. రెండోదాంట్లో అవే నీళ్ళు, తన పొడి కలిపి వడగట్టాక తేటగా మారినవి. ఆమె సంతోషం చూసి నేనూ సంతోషించాల్సింది. అనుమానపడ్డాను. మన దేశంలో ముప్పై ఏళ్ళు అద్దకం మిల్లు ల్యాబులో మురుగునీళ్ళు పరీక్షించినదాన్ని. అంత తొందరగా అంత తేటదనం నేను ఒక్కసారే చూశాను.

ఇక్కడ అత్లోన్ అనే ఊళ్ళో ఆమె పనిచేసే కాలేజీలో, క్వారీలు పారేసే నల్లటి అగ్నిపర్వతపు రాతి పొడిని కాస్టిక్ సోడాలో ఉడికించి జియోలైట్ చేస్తారు. కంటికి కనపడని బెజ్జాలున్న పొడి అది. నీళ్ళలోని రంగును పట్టి ఉంచుకుంటుంది. పారేసే రాయే కనుక చవక. శుక్రవారం లెటర్‌కెన్నీ అనే ఊరి వైపు నుంచి ఒక చిన్న ఉన్ని మిల్లు యజమానురాలు దాన్ని చూడటానికి వస్తోంది. అది బాగా జరిగితేనే అమ్మాయి కాంట్రాక్ట్ ఇంకో ఏడాది సాగుతుంది.

ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే అలమారలోంచి వెనిగర్ తీసి తేట నీళ్ళలో కొంచెం పోశాను. కాసేపటికి ఊదా రంగు తిరిగి వచ్చింది.

"పొడి రంగును పట్టలేదు. పొడిలో మిగిలిన సోడా రంగును దాచింది, అంతే. ఎన్నిసార్లు కడిగావు?"

"మూడు నీళ్ళు."

"లిట్మస్ పెట్టి చూశావా?"

"లేదు."

"చదువుకున్నదానివేనా? మూడని ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఫోన్లో. బియ్యం కడిగినట్టు కడుగు అన్నావు. మనింట్లో బియ్యం మూడు నీళ్ళేగా."

నేను రోజూ రాసుకునే డైరీ తీశాను. నా చేతిరాతే: ‘అమ్మాయికి పొడి కడగడం చెప్పాను. బియ్యం కడిగినట్టు.’ నా ఉద్దేశం, నీళ్ళలో సోడా పోయేదాకా అని. ఆ ముక్క చెప్పలేదు, రాయలేదు. నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. దాన్ని కూడా ఆమె మీదే చూపించాను.

మర్నాడు పొద్దున ఆమె తన పైఅధికారికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. స్పీకర్‌లో ఆయన గొంతు మెత్తగా ఉంది. "గ్రాండ్, గ్రాండ్, ఏం ఫరవాలేదు. రేపటికి ఆ తేట సీసా చాలు. కడగడం సంగతి తర్వాత చూద్దాం. అక్కడ వెనిగర్ ఎవరు పోస్తారు?" అని నవ్వాడు.

ఆ నవ్వు నేనెరుగుదును. తనిఖీ రోజుల్లో మా మిల్లు మేనేజర్ అలాగే నవ్వేవాడు. ఒకసారి అలాంటి తేట నీళ్ళకు, బాగున్నాయని నేను సంతకం పెట్టాను. అవి కాలవలో కలిశాక, కింది ఊరి ఆడవాళ్ళు రంగునీళ్ళ బిందెలు తెచ్చి మా గేటు ముందు వరసగా పెట్టారు.

"ఆ సీసాయే పట్టుకెళ్తావా?" అన్నాను.

"కాంట్రాక్ట్ పోతే ఈ ఇంటి లీజ్ కూడా పోతుందమ్మా. నీకేం, డైరీలో రాసుకుంటావు."

అది నిజమే. అయినా అరిచాను.

ఆమె కాలేజీకి వెళ్ళి, లిట్మస్ కాగితం రంగు మారడం మానేదాకా పొడి కడిగింది. పధ్నాలుగు నీళ్ళు పట్టాయి. అలా కడిగిన పొడి సగం రంగే తీసింది. శుక్రవారం ఆ లేత ఊదా సీసానే తీసుకెళ్ళింది.

సాయంత్రం కోటు విప్పకుండానే చెప్పింది. "ఆవిడ, సగమేనా అంది. ఇప్పటికి సగమే అన్నాను. సోడా సంగతి కూడా చెప్పాను."

"ఏమంది?"

"తన మిల్లు నీళ్ళు ఒక డబ్బా పంపుతానంది, వాటితో చేసి చూపించమని. ఆవిడ వెళ్ళాక సార్ పిలిచి కాంట్రాక్ట్ పొడిగించడం కుదరదన్నాడు. కోపంగా కూడా అనలేదు."

"సోమవారం నేనూ వస్తాను మీ కాలేజీకి."

"వద్దు. నువ్వొస్తే అరుస్తావు."

"అరుస్తాను."

"అందుకే వద్దు. నెలాఖరుదాకా ఆ ల్యాబ్ నాదే. ఆవిడ డబ్బా వస్తుంది, నాకు పనుంది," అని కోటు విప్పి తగిలించింది.