టికెట్టు వెనుక మూడక్షరాలు

2012 ఏప్రిల్‌లో నన్ను జగిత్యాల వైపు ఒక కండక్టర్ మీద విచారణాధికారిగా వేశారు. నేనప్పుడు బస్సు సంస్థలో సిబ్బంది విభాగం అధికారిని. డిపో పేరు రాయను. విచారణాధికారి అంటే బయటివాళ్ళు జడ్జి అనుకుంటారు, కాదు. అభియోగ పత్రం చదవాలి, సాక్షులను అడగాలి, నేరం రుజువైందో లేదో రాసి పంపాలి. శిక్ష వేసేది డిపో మేనేజర్. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఫైలు చేతికొస్తే చాలు, తెరవకముందే విసుగు పుట్టేది.

కండక్టర్ పేరు రాజేశం. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. జగిత్యాల – కోరుట్ల రూటు. సంచీలో చిల్లర లేనప్పుడు కండక్టర్లు ఇవ్వాల్సిన బాకీని టికెట్టు వెనుక రాసి సున్నా చుడతారు. దిగేటప్పుడు చూపిస్తే ఇవ్వాలి. రాజేశం బాకీ రాసి, దాని కింద ‘తె.వ.ఇ.’ అని కూడా రాసేవాడు. తెలంగాణ వచ్చినంక ఇస్తా అని.

ఒకరోజు తనిఖీ దళం బస్సెక్కి లస్మవ్వ అనే బీడీలు చుట్టే ముసలామెను టికెట్టు అడిగింది. ఆమె కొంగు ముడి విప్పి ఆ రోజు టికెట్టుతో పాటు పాతవి ఎనిమిది తీసి చేతిలో పెట్టింది. అన్నింటి వెనుకా అవే మూడక్షరాలు. అన్నీ కలిపితే పదకొండు రూపాయలు.

అభియోగాలు రెండు. చిల్లర ఇవ్వకపోవడం ఒకటి, దానికి మందలింపుతో సరిపోతుంది. సంస్థను నవ్వులపాలు చేసే మాట పుట్టించి జనంలోకి వదలడం రెండోది. ఇది రుజువైతే ఒక ఇంక్రిమెంటు శాశ్వతంగా పోతుంది. గ్రాట్యుటీ ఆఖరి జీతం మీద కడతారు కాబట్టి రెండేళ్ళలో దిగిపోయేవాడికి అది చిన్న దెబ్బ కాదు. రాజేశం జవాబు ఒక్కటే: ఆ మాట నాది కాదు, ఊరంతా అంటున్నదే నేనూ రాసిన. అంటే నేను తేల్చాల్సింది ఒక నానుడి ఎక్కడ పుట్టిందని. నా ఉద్యోగంలో అంత దిక్కుమాలిన ప్రశ్న ఇంకొకటి తగల్లేదు.

బందుల వల్ల విచారణ రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి లస్మవ్వ వచ్చింది. రాజేశం నా ఎదుటే పదకొండు రూపాయలు తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు. నావైపు తిరిగి, “తెలంగాణ అచ్చిందా సారూ?” అని అడిగింది. ఇంకా రాలేదన్నాను. “మరిప్పుడెందుకిస్తుండు? అచ్చినంక ఇస్తనన్నడు గదా. నేనేమన్న తొందర వెట్టిన్నా?” అంది. గుమాస్తా నవ్వాపుకోలేక బయటికి పోయాడు. జోకు వేసినవాడికి అది జోకు, కొంగున కట్టుకున్నామెకు అది మాట. ఆమె వాంగ్మూలం రాసి వేలిముద్ర తీసుకున్నాను.

తర్వాత స్థల విచారణకు కోరుట్ల పోయాను. బస్టాండు ఎదుట చాయ్ హోటల్లో ‘నేడు నగదు – రేపు అరువు’ అన్న పాత బోర్డు ఉంది. అందులో ‘రేపు’ను కొట్టేసి ఎవరో బొగ్గుతో ‘తెలంగాణ అచ్చినంక’ అని రాశారు. హోటలాయన్ను అడిగితే, నా మాట కాదు సార్, సిరిసిల్ల నుంచి మా బావమరిది మోసుకొచ్చిండు అన్నాడు. సిరిసిల్ల పోయాను. ఆ బావమరిది మరమగ్గం నడుపుతాడు, అక్కడ దాన్ని సాంచె అంటారు. సాంచెల చప్పుడులో ఒక్కో ప్రశ్న రెండుసార్లు అరవాల్సి వచ్చింది. మాకాడ సేట్లను అడ్వాన్సు అడిగితే గిదే మాట అంటున్నరు, నాకు మాత్రం మీ బస్సు డ్రైవర్ సాయిలు చెప్పిండు అన్నాడు. రోజంతా ఎండలో తిరిగి మళ్ళీ మా బస్సు దగ్గరికే వచ్చినట్టయింది.

సాయిలు సిరిసిల్ల బస్టాండులోనే దొరికాడు. బస్సు నీడలో కూర్చుని సద్ది తింటున్నాడు. అడగ్గానే ముద్ద ఆపి నావైపు వింతగా చూశాడు.

“గదేంది సార్, మీరే అన్నరు గదా. సమ్మె అయినంక, డిపోల, జీతాలు అడిగిననాడు.”

అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది సకల జనుల సమ్మె ముగిశాక రాజేశం, సాయిలు పనిచేసే ఆ డిపోకు పోయాను. సమ్మె రోజుల జీతం సంగతి తేల్చమని నలభై మంది నా బల్ల చుట్టూ నిలబడ్డారు. పైనుంచి ఏ ఉత్తర్వూ రాలేదు. నేనింకా అన్నం కూడా తినలేదు. తప్పించుకోవడానికి, “తెలంగాణ వచ్చినంక ఇస్తం, పోండ్రి” అన్నాను. అందరూ నవ్వారు. నవ్వారు కదా, బయటపడ్డానని సంతోషపడ్డాను కూడా.

నాకంటే ముందు ఇంకెవరైనా అని ఉండొచ్చు. ఆ రోజుల్లో ఆ మాట గాలిలోనే ఉందని ఇప్పటికీ అనుకుంటాను. కానీ నేను వెతికిన దారి నా దగ్గరే ఆగింది. విచారణాధికారి తానే సాక్షి అయితే ఆ సంగతి రాసి తప్పుకోవాలి, నిబంధన స్పష్టంగా ఉంది. నేను తప్పుకోలేదు. సాయిలు చెప్పింది కాగితం మీద పెట్టలేదు. ‘సదరు మాట మొదట ఎవరన్నదీ తేలలేదు’ అని రాసి సంతకం చేశాను. అందులో అబద్ధం లేదని నాకు నేను చెప్పుకున్నాను. మేనేజర్ ఆ వాక్యాన్ని, రాజేశం తన వాదన రుజువు చేసుకోలేకపోయాడన్నట్టు చదువుకున్నాడు. ఇంక్రిమెంటు పోయింది.

ఉత్తర్వు ప్రతి తీసుకోవడానికి రాజేశం మా ఆఫీసుకు వచ్చాడు. సమ్మె తర్వాత ఆ రోజు నువ్వు డిపోలో ఉన్నావా అని అడిగాను. మీ బల్ల పక్కనే నిలబడ్డ సార్ అన్నాడు. మరి విచారణలో ఎందుకు చెప్పలేదన్నాను.

“మీరే యాది చేసుకుంటరనుకున్న సార్,” అన్నాడు. సంతకం పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

రెండేళ్ళకు తెలంగాణ వచ్చింది. అదే నెల రాజేశం కోరుట్లలో లస్మవ్వ ఇల్లు వెతుక్కుంటూ పోయి పదకొండు రూపాయలు ఇచ్చి తొమ్మిది టికెట్లూ వెనక్కి తీసుకున్నాడని సాయిలు చెప్పాడు. వాటి నకళ్ళు నా ఫైల్లో ఉండేవి.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇంకొన్ని విచారణలు చేశాను. సాక్షుల జాబితా రాసే ప్రతిసారీ మొదట నా పేరు రాసుకుని, అవసరం లేదని తేలాకే కొట్టేసేవాడిని. రాజేశం కేసులో ఆ పని చేయలేదు. అతనికి ఆ ఇంక్రిమెంటు నేను బాకీ, ఏం వచ్చినంక ఇస్తానో చెప్పలేను.