నేనేమీ చూడలేదని చెప్పిన రోజు

శాంతి అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. దాన్ని కుదిర్చిన పెద్దమనుషుల పేరెత్తితే ఇంకా మంట.

మా పుట్టిల్లు రేపల్లె దాటాక సముద్రం పక్కన ఉన్న పల్లె. చిన్న కన్నుల వలలు వెయ్యొచ్చా కూడదా అన్న తగువుతో మా ఊరూ పొరుగూరూ ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి. నేను తెనాలిలో టీచరు ఉద్యోగం చేస్తూ సెలవులకు వెళ్ళేదాన్ని. అలా వెళ్ళిన ఒక పొద్దున, పొరుగూరివాడొకడు తెడ్డెత్తి మా తమ్ముడి కుడిచేతి మీద కొట్టడం కళ్ళారా చూశాను. వేళ్ళు నుజ్జయ్యాయి. రెండు తీసేశారు. కేసులో ముఖ్యమైన సాక్షిని నేనే.

కిందటేడు బాపట్లలో అధికారులు రెండూళ్ళవాళ్ళనీ కూర్చోబెట్టి రాజీ చేశారు. శాలువాలు కప్పుకున్నారు, ఫొటోలు దిగారు. ఎవరి వల ఎక్కడ వేయాలో, పట్టుకున్న పడవలు ఎవరికి తిరిగివ్వాలో అన్నీ కాగితం మీద రాసుకున్నారు. కానీ పెద్ద దెబ్బల కేసులు రాజీకి కుదరవని లాయర్లు చెప్పారట. అందుకని పెద్దలు కాగితం మీద పెట్టకుండా ఇంకో మాట అనుకున్నారు. రెండువైపులా సాక్షులు కోర్టుకెళ్ళి ఏమీ చూడలేదని చెప్పాలి. ఒక్కరు అడ్డం తిరిగినా రాజీ మొత్తం గంగలో కలిసినట్టే.

ఈ కబురు మా తమ్ముడే మోసుకొచ్చాడు. తెనాలిలో మా ఇంట్లో ఎడంచేత్తో స్పూను పట్టుకుని ఇడ్లీ తుంచుకుంటూ చెప్పాడు.

"చూళ్ళేదని చెప్పక్కా. ఒక్క మాటే కదా."

"నీ వేళ్ళురా అవి!"

"అవెలాగూ రావు. పడవలన్నా కదలనీ."

మర్నాడు ఊరి పెద్దాయన ఫోన్ చేసి, "నువ్వు తెనాల్లో ఫ్యాను కింద కూర్చుంటావమ్మా, సముద్రం మీదకెళ్ళేది మేం" అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేశాను.

రేపల్లె కోర్టులో ముందు తమ్ముణ్ణి పిలిచారు. పడవ తాడు మెలిపడి వేళ్ళు నలిగాయని వాడు తడబడకుండా చెప్పాడట. నా పేరు పిలిచారు. నిజం చెప్పాలనే వెళ్ళి బోనులో నిలబడ్డాను. ఎదురుగా తమ్ముడి మొహం కనబడింది.

"నేనేమీ చూడలేదండి" అన్నాను.

సాక్షి ఎదురు తిరిగిందని ప్రభుత్వ లాయరు విసుగ్గా చెప్పి కాగితాలు తిప్పుకున్నాడు. బడిలో పిల్లల మొహం ఎలా చూడాలిరా భగవంతుడా అనుకుంటూ దిగాను.

వరండాలో ఆ కొట్టినవాడు వచ్చి నాకు నమస్కారం పెట్టాడు. దాంతో నా కోపం నషాళానికంటింది.

"నేను చూశాను. కొట్టింది నువ్వే" అన్నాను, అందరికీ వినబడేలా.

"అవునక్కా, నేనే" అన్నాడు. "అంతకుముందు మా పడవకి నిప్పెట్టింది మీ తమ్ముడండి. అందులో మా నాన్న పడుకునున్నాడు. కాళ్ళు కాలిపోయి ఇప్పటికీ మంచంలోనే ఉన్నాడు. మా అమ్మ కళ్ళతో చూసింది. నిన్న ఇదే బోనెక్కి, తనేమీ చూళ్ళేదని చెప్పింది."

ఆ కేసులో తమ్ముడి పేరుందని నాకు తెలుసు. కావాలని ఇరికించారని వాడు చెబితే నమ్మాను. ఇన్నేళ్ళూ వాడి తరఫున ఆ ఊరి మొత్తాన్ని తిట్టిపోశాను.

నా వెనకే వచ్చి నిలబడ్డ తమ్ముడి వైపు తిరిగాను. "నిజమేనంట్రా?"

"రాజీ అయిపోయింది కదక్కా."

"నేనడిగింది అది కాదు."

"చూసినావిడే చూళ్ళేదంది" అన్నాడు తమ్ముడు. "ఇంక నన్నడుగుతావేంటి?"