శనివారం నూనె

పెళ్ళయి మల్కాపురంలో కాపురం పెట్టిన కొత్తల్లో, అంటే ఎనభైల మొదట్లో, నా బతుకంతా వంటింటి డబ్బాల చుట్టూనే తిరిగేది. కందిపప్పు ఉంటే చింతపండు ఉండేది కాదు. రెండూ ఉంటే నూనె ఉండేది కాదు. మా ఆయన పోర్టులో షిఫ్టు డ్యూటీ చేసొచ్చి పడుకునేవారు, డబ్బాల సంగతి ఆయనకి పట్టేది కాదు. పట్టేదల్లా మా అత్తగారికి. ఆవిడకి సరుకు ఉందా లేదా అన్నది ముఖ్యం కాదు, ఏ వారం నాడు గుమ్మం దాటిందన్నదే ముఖ్యం.

అందులో నూనె గొడవ మరీ ఘోరం. శనివారం నూనె గానుగాడించకూడదు, ఇంట్లోకి తేకూడదు, తెస్తే దాని వెనకే శని వస్తాడు. ఈ సంగతి మా రేషన్ డిపోవాడికి ఎవరూ చెప్పలేదు కాబోలు, పామాయిల్ డ్రమ్ము ఎప్పుడొస్తే అప్పుడే పోసేవాడు. పొద్దున వస్తే సాయంత్రానికి ఖాళీ. కిరాణా కొట్లో కొందామంటే ఆ ధర మాకు అందేది కాదు. అందుకని శనివారం వచ్చిన నూనెని పక్కింటి అక్క దగ్గర దాచి, ఆదివారం ఆవిడ చర్చికి బయల్దేరేలోపు తెచ్చుకునేదాన్ని. "మీ శని రాత్రికి మా ఇంట్లో తొంగుంటాడేటమ్మా?" అని ఆవిడ నవ్వేది. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

అచ్యుతాపురం అవతల మా ఊరు. మా నాన్న నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా పప్పో, చింతపండో, బెల్లమో సంచుల్లో కట్టుకుని, గాజువాకలో బస్సు మారి మోసుకొచ్చేవాడు. అప్పటికే మోకాళ్ళు పట్టేసి మెట్టు ఎక్కాలంటే ఆయాసపడేవాడు. పెళ్ళి చేసి పంపించాక కూడా నాకు తిండి మోస్తున్నాడే అని నాకు తల కొట్టేసినట్టుండేది. అందుకే ఒకసారి గట్టిగా చెప్పాను. "ఈసారి ఒట్టి చేతుల్తో రా నాన్నా. నా ఇంట్లో అన్నీ ఉన్నాయి. గారెలొండి పెడతాను."

ఆదివారం వస్తానన్నాడు. శనివారం డిపోకి నూనె వచ్చింది. ఎండలో నిలబడి నిలబడి డబ్బా నింపుకుని వస్తే పక్కింటికి తాళం. అక్క ఏదో పెళ్ళికి ఊరెళ్ళిందట. తిన్నగా మా గుమ్మంలోకి వచ్చాను. అత్తగారు అడ్డంగా నిలబడ్డారు.

"ఏటి సేత్తన్నావు? సెనివారం నూని లోపలికి తెత్తావా?"

"రేపు నాన్న వస్తాడత్తా. గారెలకి."

"రేపే తెచ్చుకో. ఎవులొద్దన్నారు? ఈ రాత్రికి పెరట్లో ఉంటాది."

డబ్బాకి సరైన మూత లేదు. మూతికి గుడ్డ కుక్కి, పెరటి గోడ మీద పెట్టి, మినప్పప్పు నానబోసి పడుకున్నాను. పొద్దున పప్పు రుబ్బి వెళ్ళి చూస్తే డబ్బా కింద పడి ఉంది. పిల్లి పనో, కాకి పనో. నూనంతా మన్ను తాగేసింది. నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి.

"సూసావా, ఇంటికి రావల్సిన శని బయటే పోయాడు," అన్నారు అత్తగారు. ఆ వెంటనే, "గుడ్డ గట్టిగా కుక్కొద్దా?" అని నన్నే తిట్టారు. అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్తకుండ అని ఊరికే అనలేదు. వంటింటి సీసా అడుగున పోపుకి సరిపడా పాత నూనె మిగిలింది. "ఆ పిండితో కుడుములు పెట్టియ్యి," అన్నారు. పళ్ళు బిగబట్టి పొయ్యి మీద నీళ్ళు పెట్టాను.

అప్పుడొచ్చాడు మా నాన్న. అనుకున్నట్టే చేతిలో సంచి. సంచిలో డబ్బా. డబ్బా నిండా నువ్వుల నూనె.

"వద్దన్నాను కదా నాన్నా," అన్నాను.

"టౌన్లో నూనె దొరకట్లేదంట కదమ్మా," అన్నాడు ఆయాసం తీర్చుకుంటూ.

అత్తగారు ఎదురెళ్ళి డబ్బా అందుకున్నారు. వాసన చూసి, "ఎప్పుడాడించారు అన్నయ్యగారూ?" అని అడిగారు.

"నిన్ననే సెల్లెమ్మా. గానుగ కాడే ఉండి పట్టించుకొచ్చాను."

నేను అత్తగారి మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. నిన్న శనివారం.

"పుట్టింటి నూనికి వారమేటి? లచ్చిమి కదా," అని ఆవిడే స్వయంగా గుమ్మం దాటించి వంటింట్లో పెట్టారు. నా ఒళ్ళు మండిపోయింది. నేను ఎండలో నిలబడి తెచ్చింది శని, మా నాన్న మోకాళ్ళ నొప్పితో మోసుకొచ్చింది లక్ష్మి. పైకి అనలేకపోయాను. నాన్న ఎదురుగా అత్తాకోడళ్ళ గొడవ పెట్టుకుంటే ఇక ఆయనకి నిద్ర పట్టదు.

ఆ నూనెలోనే గారెలు వేశాను. నాన్న ఇష్టంగా తిన్నాడు, బాగున్నాయన్నాడు. అత్తగారు నూనెని మా జాడీలోకి వంపుకుని డబ్బా ఇచ్చేశారు. నాన్న దాన్ని సంచిలో పెట్టుకుంటూ, నా ఇంట్లో ఏమేం లేవో తెలిసిపోయినవాడిలా నా వైపు చూసి, "వచ్చే నెల మళ్ళీ నింపుకొస్తాన్లే అమ్మా," అన్నాడు.