అయిదింటిలో ఒక సెల్

ఎవరూ మధ్యలో వదిలి వెళ్లకూడదని మాట ఇచ్చుకుని, నలభై ఏళ్ల కిందట మార్కాపురంలో అయిదుగురం కలిసి పలకల కార్ఖానా పెట్టాం. మూడో ఏడే మాలో ఒకడైన కొండయ్య వెళ్లిపోయాడు. కార్ఖానా మూతపడింది.

ఈ రోజు నా డ్రిల్లు బ్యాటరీ చార్జింగ్ ఎక్కలేదు. చార్జరులో ఎర్రలైటు ఒకటే మిణుకుమంది. అది పద్దెనిమిది వోల్టుల బ్యాటరీ, మీటరు పెడితే పదిహేడున్నర చూపింది. బ్యాటరీ బాగానే ఉందనుకుని చార్జరు లేకుండా నేరుగా వైర్లు కలిపి కరెంటు ఎక్కించబోయాను. ఎందుకో ఆగి, రిపేరు దుకాణం మస్తాన్ దగ్గరకు తీసుకెళ్లి, చేయబోయిన పని చెప్పాను.

"మొత్తం చూస్తే ఏం తెలుస్తాది పెద్దాయనా? ఒక్కోటి చూడాల," అంటూ అతను మూత విప్పి, మీటరు మొనలు ఒకదానికొకటి తగలకుండా లోపలున్న అయిదు సెల్‌లలో ఒక్కోదానికీ ఆనించాడు. నాలుగింటిలో దాదాపు నాలుగేసి వోల్టులున్నాయి. అయిదో దానిలో రెండు కూడా లేవు.

"దీనికి బలవంతంగా ఎక్కించింటే అంటుకునేది. ఇంత చదివినోరు, ఇట్ల చేస్తారా?"

"అయితే ఈ ఒక్కటే దొంగదన్నమాట."

"దొంగది కాదు. లోపలి బోర్డు దీన్నుంచే కరెంటు తాగుతాది. నాలుగూ కూర్చున్నాయి, ఇదొక్కటే పని చేసి అరిగిపోయినాది."

రోజూ తెల్లవారకముందే క్వారీకి వెళ్లి రాయి ఎంచి తెచ్చింది కొండయ్య ఒక్కడే. మేం నలుగురం ఆఫీసులో పేపర్లు చదివేవాళ్లం. ఇంటికి వచ్చేదాకా అదే గుర్తొచ్చింది.

మీరైతే ఎవరిని తప్పుపడతారో రాయండి. వెళ్లేముందు అతను అలసిపోయానని ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా. నేను మాత్రం ఇప్పటికీ తప్పుపట్టేది కొండయ్యనే.