తాటిచెట్టు బెల్టు కోసం మొఘల్‌పురా దాకా

బెల్టును ఎలుకలు కొరికాయి, పట్నం తీసుకుపోయి కుట్టించుకోవాలి అని మా ఆయన నరసింహ అన్నప్పుడు నాకు సంతోషమూ వేసింది, అనుమానమూ వచ్చింది. ఆయన కల్లు గీస్తాడు. భువనగిరి దాటాక లోపలికి ఉంటుంది మా ఊరు. రెండేళ్ల కింద ఆయన అన్న, మా బావగారు మల్లేశం, తాటిచెట్టు మీద నుంచి పడి నడుము దెబ్బతిని చేతికర్ర పట్టారు. ఆ తర్వాతే ఊళ్లో గీతపనివాళ్లందరికీ చెట్టెక్కే బెల్టులు వచ్చాయి. మా ఆయన తనదాన్ని వాగు అవతలి తోటలో గుడిసెలో పడేశానని, పాత మోకే చాలని చెప్పేవాడు. మోకు అంటే నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు. నేను అంగన్‌వాడీ టీచర్ని. ఊరి పిల్లలందరూ నా మాట వింటారు, ఈయనొక్కడే వినడు. బావగారు పడ్డప్పటి నుంచి నేను తాటితోట వైపు పోవడమే మానుకున్నాను.

పొద్దున కల్లు కారే తాటిగెలలు గీసి వచ్చి, స్నానం చేసి, ఏడున్నర బస్సుకు బయలుదేరాం. సాయంత్రం మళ్లీ గీయకపోతే కల్లు ఆగిపోతుంది కాబట్టి పొద్దుగూకేలోపు తిరిగి రావాలి. ఆడవాళ్లకు ఉచితం గనుక నాకు జీరో టికెట్, ఆయనకు మామూలు టికెట్. ఆ మాట ఉప్పల్ చేరేదాకా రెండుసార్లు గుర్తు చేశాను.

పక్క సీట్లో పూలమ్మే పెద్దమ్మ మా సంచిలోంచి వేలాడుతున్న బెల్టును చూసి, "గిదేంది బిడ్డా, గుర్రానికి కట్టేదా?" అని అడిగింది.

"కాదు పెద్దమ్మా, మా ఆయనకు," అన్నాను. ముందు సీటువాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. ఆయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఉప్పల్‌లో బస్సు మారి అఫ్జల్‌గంజ్‌లో దిగేసరికి పది దాటింది. నయాపూల్ మీదుగా నడిచి, దారిలో ఒక చిన్న హోటల్లో ఖిచిడీ, ఖట్టా తిన్నాం. పప్పు ఖిచిడీ మీద పుల్లటి నువ్వుల పులుసు పోసుకుని తినే ఈ ఫలహారం పొద్దున పూటే దొరుకుతుంది. అటు వెళ్లేవాళ్లు ఆలస్యం చేయకండి, మాకు గిన్నె అడుగునున్నదే మిగిలింది.

పత్తర్‌గట్టి కమాన్ల కింద బ్యాగులు బాగుచేసే ఒకాయనకు బెల్టు చూపించాం. మిషన్ మీద నుంచి చెయ్యి తీయకుండానే, "గిది మా సూదికి ఎక్కది అన్నా. మొఘల్‌పురాకు పోండ్రి. పెళ్లి బారాత్ గుర్రాలకు జీన్లు కుట్టే సామేలు ఉంటడు," అన్నాడు. పెద్దమ్మ మాట నిజమైనందుకు నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. చార్మినార్ పక్క నుంచి ఆటో తీసుకున్నాం.

సామేలు దుకాణం ఒక సందు చివర ఉంది. గోడల నిండా తోలు కళ్లాలు, జరీ అంచుల జీనులు. వెనక ఖాళీ జాగాలో వేపచెట్టుకు ఒక తెల్ల గుర్రం కట్టేసి ఉంది. సామేలు యాభై దాటిన మనిషి, మెడలో చిన్న సిలువ, చేతిలో తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె. ఆరె పక్కన పెట్టి బెల్టు అందుకున్నాడు. నడుముకు కట్టుకునే భాగాన్ని లాగి చూసి బాగుందన్నాడు. చెట్టు చుట్టూ తిరిగే పొడవాటి పట్టీని వెలుతురు వైపు తిప్పాడు.

"ఎలుకలు కొరికినయన్నా," అన్నాడు మా ఆయన.

"ఎలుక కొరికితే పోగులు లేస్తయి తమ్మి. గివి కత్తి గాట్లు. ఒకదాని మీద ఒకటి పడ్డయి. నీ కత్తుల పొది ఎడమ దిక్కు ఉంటదా?"

ఆయన చెయ్యి ఎడమ నడుము మీదికి పోయింది. సామేలు పట్టీని నా చేతికిచ్చాడు. "చూడు చెల్లె, బెరడుకు రాసుకొని రాసుకొని ఎట్ల నున్నగైందో. గిది రోజు వాడింది."

నేను వేలితో తడిమాను. గాటు ఉన్నచోట పట్టీ పాత చీర అంచంత పలచబడింది. అంటే ఈయన బెల్టు కట్టుకుంటూనే ఉన్నాడు. గెల దగ్గర వంగినప్పుడల్లా పొదిలోంచి బయటికొచ్చిన కత్తి మొన ఆ పట్టీనే కోస్తూ ఉంది. ఆ రోజు పొద్దున కూడా ఈ కాస్త దారాల మీదే ఆయన ఆకాశంలో నిలబడి ఉంటాడు. నాకు కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. కోపాన్నే ముందు వాడుకున్నాను.

"నాతోని అబద్ధమెందుకు చెప్పినవ్?"

ఆయన నా వైపు చూడలేదు. "కుట్టన్నా, పొద్దుగూకేవరకు ఊర్ల ఉండాలె," అన్నాడు సామేలుతో.

"బ్యాగు పట్టీ అయితే గిప్పుడే కుడుత. మనిషిని మోసేదానికి అతుకు వెయ్య. నేను కుట్టిన అని నువ్వు నమ్మి ఎక్కుతవ్. గదే నా ఫికర్." అలా అంటూనే పెద్ద కత్తెర తీసుకుని ఆ పట్టీని రెండు ముక్కలు చేశాడు. "ఇంకెవ్వరు కట్టుకోకుండ."

మా ఆయన చెయ్యి లేచి, మళ్లీ దిగింది. సాయంత్రం గీయాల్సిన చెట్లు ఆయన కళ్ల ముందు ఉన్నాయని నాకు తెలుసు. సామేలు తొందర పడకుండా, గౌలిపుర దారిలో తాళ్లు, మోకులు అమ్మే సేటు దుకాణం చెప్పి, మోసే బరువు అచ్చువేసి ఉన్న కొత్త పట్టీ మాత్రమే తెమ్మన్నాడు. కొక్కేలు పాత బెల్టుకు సరిపోవాలన్నాడు. కత్తుల కొలత అడిగి తెలుసుకుని, మేము వచ్చేలోపు వాటికి తోలు ఒర కుడతానన్నాడు.

ఎండలో నడిచి వెళ్లాం. పాలక్యాన్ల స్కూటర్లకు దారి ఇస్తూ ఒక గోడ పక్కన ఆగినప్పుడు ఆయన తనంతట తనే చెప్పాడు.

"వాగవతలి చెట్లకు కట్టుకుంటున్న. రోడ్డు పక్కల చెట్ల కాడ అన్న కూసుంటడు. ఆయన ముంగట కట్టుకోవాలంటే మనసు రాలే. నీకు చెప్తే ఆడ గూడ కట్టుకోమంటవని దాచిన. ఆయన పడ్డప్పుడు గిది లేకపాయె. గిదుంటే నువ్వు గూడ మంచిగుండేటోనివని రోజు చెప్పినట్టు ఉంటది గద."

"మరి ఆ చెట్లు ఎట్ల ఎక్కుతున్నవ్?"

"మోకుతోని."

అన్న మీద అంత ప్రేమ ఉన్న మనిషిని తిట్టలేను, తిట్టకుండా ఊరుకోనూ లేను. దుకాణం దాకా ఆయన చెయ్యి పట్టుకుని నడిచాను. పెళ్లైన కొత్తలో కూడా రోడ్డు మీద అలా నడవలేదు.

సేటు తాతల నాటి గద్దె మీద కూర్చుని ఉన్నాడు. "కట్టడం పనోళ్లకు మస్తు అమ్మిన భాయ్. తాటిచెట్టుకని అడిగింది నువ్వే," అంటూ అచ్చు ఉన్న పట్టీ తీసిచ్చాడు. మా దగ్గర ఉన్న డబ్బులో అది వచ్చింది, అంతే చెప్తాను.

తిరిగి వచ్చేసరికి దళసరి తోలు ఒర సిద్ధంగా ఉంది. కత్తి పూర్తిగా లోపలికి దిగేలా, పట్టీకి దూరంగా నడుము వెనక వేలాడేలా కుట్టాడు. గుర్రాన్ని పక్కకు కట్టి, వేపచెట్టు మీద పరీక్షించమన్నాడు. ఇంట్లో చెట్టెక్కేవాళ్లున్న పాఠకుల కోసం ఆ వరస రాస్తున్నాను. కాలు నేల విడవకముందే పట్టీ చెట్టు చుట్టూ తిరిగి కొక్కెం పడాలి. పట్టీ పైకి జరిపితే కాళ్లు కదలకూడదు, కాళ్లు జరిపితే పట్టీ కదలకూడదు. కొత్త పట్టీ మీద మొదటిసారి బరువు వేసేది మోకాలెత్తులోనే. పైకి పోయాక కూడా, దిగి రెండు పాదాలూ నేలకు ఆనేదాకా కొక్కెం తీయకూడదు.

ఆయన మోకాలెత్తులో వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలేశాడు. పట్టీ బిగిసింది. గుర్రం చెవులు నిక్కించి చూసింది.

"బరువంత దీని మీదనే పడ్తది. నడుము గుంజది. మోకు కన్నా రెండు చెట్లు ఎక్కువనే ఎక్కొచ్చు," అన్నాడు. ఇన్ని నెలలు నాకు చెప్పలేకపోయిన సంగతిని గుర్రానికి చెప్పుకున్నాడు.

తిరుగు బస్సులో ఘట్‌కేసర్ దాకా నిలబడే వచ్చాం. పాతబస్తీ అంటే గాజులు, ముత్యాలు అని ఇంతకాలం అనుకున్నాను. ఈసారి గాజుల దుకాణాల ముందు నుంచే పోయినా ఒక్కచోటా ఆగలేదు. చెడిపోయినదాన్ని బాగుచేసే చేతులు అక్కడ ఎన్నో ఉన్నాయి. బాగుచేయనని చెప్పిన చెయ్యి నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. పాత పట్టీ ముక్కలు రెండూ నా సంచిలోనే ఉన్నాయి.

ఊరికి ముందే రోడ్డు పక్క తోట దగ్గర దిగాం. ఎండ ఇంకా ఉంది. బావగారు చెట్టు కింద కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. మా ఆయన సంచి భుజానికి వేసుకుని వాగు వైపు రెండడుగులు వేశాడు.

"యాడికి పోతున్నవ్ రా?" అన్నారు బావగారు. "నువ్వు దాన్ని వాగవతల దాస్తున్న సంగతి నాకు తెల్వదనుకున్నవా? ఈడనే కట్టుకో. నువ్వు మోకుతోని ఎక్కితె కింద కూసున్న నా పానం పోతున్నది."

మా ఆయన తల వంచుకుని బెల్టు కట్టుకున్నాడు. బావగారు కర్రను చెట్టుకు ఆనించి లేచారు. తూలకుండా ఒక చెయ్యి తమ్ముడి భుజం మీద వేసి, రెండో చేత్తో పట్టీని గట్టిగా రెండుసార్లు లాగి చూశారు. కొక్కెం పడ్డదో లేదో వేలు పెట్టి చూసుకున్నారు.

"ఎక్కు," అన్నారు.

బావగారి పక్కన నిలబడి, రెండేళ్ల తర్వాత నేను తలెత్తి చూశాను. మా ఆయన కిందికి దిగి, రెండు పాదాలూ నేలకు ఆనించి, కొక్కెం తీసేదాకా ఇద్దరం తల దించలేదు.